పటం కన్నా ముందు పంచాంగం: లాల్‌దర్వాజా ఆధారంగా శాండ్‌బాక్స్ సాహస రచన

టేబుల్‌టాప్ రోల్‌ప్లేయింగ్ ఆటల్లో శాండ్‌బాక్స్ అంటే కథను ముందే రాసిపెట్టుకోని సాహసం. గేమ్ మాస్టర్ ఒక ప్రాంతాన్ని, అక్కడి మనుషులను, వాళ్ల తగాదాలను సిద్ధం చేసి పెడతారు. ఎటు వెళ్లాలో, ఎవరి పక్షం చేరాలో ఆటగాళ్లు తేల్చుకుంటారు. ఈ పద్ధతి గురించిన చర్చ చాలావరకు పటం చుట్టూనే తిరుగుతుంది. అందుకు చరిత్రలో కారణం ఉంది. గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ 1974లో తెచ్చిన డంజన్స్ అండ్ డ్రాగన్స్ తొలి నియమావళి, బయటి ప్రాంతాల్లో సంచారానికి అవలాన్ హిల్ వారి 'అవుట్‌డోర్ సర్వైవల్' అనే మరో ఆట బోర్డును వాడుకోమంది. ఆరు భుజాల గడులు నింపుకుంటూ పోవడమే శాండ్‌బాక్స్ రచన అన్న అభిప్రాయం అలా పాతుకుపోయింది.

నా వాదన వేరు. ఖాళీ జాగా ఆటగాళ్లకు స్వేచ్ఛ ఇవ్వదు, దిక్కుతోచకుండా చేస్తుంది. ఎంచుకోవలసిన అవసరాన్ని తెచ్చిపెట్టేవి వాళ్లతో నిమిత్తం లేకుండా ముంచుకొచ్చే తేదీలు. హైదరాబాద్ పాతబస్తీలోని లాల్‌దర్వాజాను నమూనాగా తీసుకుంటే ఈ సంగతి తేటపడుతుంది.

ఆషాఢమాసపు బోనాలు గోల్కొండలో మొదలై, సికింద్రాబాద్ ఉజ్జయినీ మహంకాళిని దాటి, లాల్‌దర్వాజా సింహవాహిని మహంకాళి దగ్గరికి చేరతాయి. ఆదివారం బోనం. మర్నాడు రంగం అనే భవిష్యవాణి, ఆపైన అమ్మవారి ఘటాల ఊరేగింపు. హరిబౌలి అక్కన్న మాదన్న గుడి ఘటం ఏనుగు మీద చార్మినార్ మీదుగా నయాపూల్ వైపు సాగుతుంది. ఆట రాసేవాళ్లకు ఇందులో కావలసినవన్నీ ఉన్నాయి: ఏ రోజు ఏ వీధి మూసుకుపోతుందో, జనం ఎక్కడ ఉంటారో, ఎవరి ఇల్లు ఖాళీగా ఉంటుందో. మన సాహసవీరులు శనివారమంతా ఏ నేలమాళిగలోనో గడిపినా సోమవారం ఊరేగింపు ఆగదు. ఆ రద్దీలో దొంగసొత్తు దాటించాలనుకున్నవాడు దాటించేస్తాడు కూడా.

అసలు పదును రెండో పంచాంగంతో వస్తుంది. మొహర్రం పదో రోజున, అంటే ఆషూరా నాడు, దబీర్‌పురాలోని బీబీ కా అలావా నుంచి బీబీ కా అలం బయల్దేరుతుంది, అదీ ఏనుగు మీదే. హిజ్రీ సంవత్సరం సౌరమానం కన్నా దాదాపు 11 రోజులు చిన్నది కాబట్టి మొహర్రం ఏటా వెనక్కి జరుగుతూ పోతుంది. ఆషాఢాన్ని మాత్రం అధికమాసం మళ్లీ వానకాలం మొదట్లోకి లాక్కొస్తుంది. అందుకని అధికమాసం వచ్చినప్పుడల్లా ఈ రెండు ఊరేగింపుల మధ్య దూరం మారిపోతుంది. 2024లో ఆషూరా జులై 17న వస్తే, లాల్‌దర్వాజా బోనాలు జులై 28న వచ్చాయి. ఒకదానితో ఒకటి పొసగని రెండు కాలగణనలు పక్కపక్కన నడిచే ఊరికి విడిగా కథ అల్లనక్కర్లేదు.

ఇప్పుడు మన కల్పిత నగరంలో ఒక్కటే ఏనుగు ఉందనుకుందాం. దాని మావటి ఎవరికి బాకీ? మేత ఎవరు వేస్తున్నారు? బద్ధకస్తుడైన రచయిత ఇక్కడ మతాల కొట్లాట పెట్టేస్తాడు. అది బాధ్యత లేని పని, పైగా ఆటగా కూడా చప్పగా ఉంటుంది. ఊరు నడిచేది బేరాల మీద, మాట ఇచ్చిపుచ్చుకోవడాల మీద. రెండు వర్గాల పెద్దలు ఒకే చాప మీద కూర్చుని తేదీలు సర్దుకునే ఘట్టం, వీధిపోరు కన్నా ఆటగాళ్లను ఎక్కువసేపు కట్టిపడేస్తుంది. నిజమైన దేవతల పేర్లు మార్చి, వాళ్లను రాక్షసులుగా చూపకపోవడం కనీస మర్యాద.

గతం కూడా పంచాంగంలో భాగమే. 1908 సెప్టెంబర్ 28న మూసీ వరద నగరాన్ని ముంచెత్తింది. ప్రధాని మహారాజా కిషన్ పర్షాద్ సలహాతో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అమ్మవారికి మొక్కి, చేటలో పసుపు కుంకుమలు, ముత్యాలు సమర్పించాడని ఆలయ సంప్రదాయం. ఫాంటసీ ఆటలో ఇలాంటి మొక్కు శిథిల కోట కన్నా విలువైన సరుకు, ఎందుకంటే దాన్ని తీర్చేవాళ్లూ ఎగ్గొట్టేవాళ్లూ ఇంకా బతికే ఉంటారు.

సమాచారం పంచే పద్ధతికీ ఇక్కడ పాఠం ఉంది. గైగాక్స్ రాసిన 'ది కీప్ ఆన్ ది బోర్డర్‌ల్యాండ్స్' అనే సాహసంలో పాచిక వేసి ఒక్కొక్కరికి ఒక్కో పుకారు అందించే పట్టిక ఉంది, అందులో కొన్ని అబద్ధాలు. రంగం తీరు వేరు. పచ్చికుండ మీద నిలబడి చెప్పే భవిష్యవాణి అందరి చెవినా ఒకేసారి పడుతుంది. ఒకే మాటను వ్యాపారి ఒకలా, దొంగల నాయకుడు మరోలా అర్థం చేసుకుంటారు. పుకార్ల పట్టిక కన్నా నేను దీనికే ఓటేస్తాను.

వినేవాడి చొరవ మీద నడిచే కథకు తెలుగులో పూర్వరంగం లేకపోలేదు. మధిర సుబ్బన్న దీక్షితుల 'కాశీ మజిలీ కథలు'లో దారి మణిసిద్ధుడనే యతిది, అది నేరుగా కాశీకే పోతుంది. కానీ ఏ మజిలీలో ఏ కథ పుడుతుందన్నది ఊరు తిరిగొచ్చి వింత గురించి అడిగే గోపకుమారుడి చేతిలో ఉంది. బెన్ రాబిన్స్ తన 'వెస్ట్ మార్చెస్' ఆటలో ఆ చొరవను మొత్తంగా ఆటగాళ్లకే అప్పగించాడు. ఎప్పుడు ఆడాలో, ఎటు వెళ్లాలో వాళ్లే నిర్ణయించుకోవాలి. అయితే వాళ్లు బయటికి కదలాలని ఊళ్లో సాహసమే లేకుండా చేశాడు. అడవికి ఆ సూత్రం సరే, లాల్‌దర్వాజా లాంటి బస్తీకి అది నప్పదు.

తేదీలు ముందే ఖాయమైతే అదీ పట్టాల మీది రైలే కదా అని ఆక్షేపించవచ్చు. 1984లో మొదలైన డ్రాగన్‌లాన్స్ సాహసాల్లో కథకు కావలసిన పాత్రలు చావకుండా నియమమే పెట్టారు. పట్టాలంటే అవి. పంచాంగం చెప్పేది ఎవరూ అడ్డురాకపోతే ఏం జరుగుతుందన్నది మాత్రమే. ఆటగాళ్లు ఏనుగును దాచేస్తే ఘటం బండి మీద బయల్దేరుతుంది. ఆ బండి ఎవరిదో, వాడు ఎంత అడుగుతాడో, ఆ సొమ్ము ఎవరి జేబులోంచి వస్తుందో గేమ్ మాస్టర్ ముందే రాసుకోవాలి.