కొలోన్ కార్నివాల్: పెద్దోళ్లని వెక్కిరించే పండగ, నాజీల ముందు ఏం చేసింది?

జర్మనీ, బీర్ అనగానే అందరికీ మ్యూనిక్ అక్టోబర్‌ఫెస్ట్ గుర్తొస్తుంది. మనం ఈరోజు రైన్ నది ఒడ్డున ఉన్న కొలోన్ వెళ్దాం.

అక్కడ ఏటా నవంబర్ 11న, ఉదయం 11 గంటల 11 నిమిషాలకి కార్నివాల్ సీజన్ మొదలవుతుంది. అసలు సందడి మాత్రం భస్మ బుధవారానికి ముందు వారంలో ఉంటుంది. ఎందుకంటే ఆ బుధవారం నుంచి ఈస్టర్ దాకా ఉపవాస కాలం. గురువారం ఆడవాళ్లు కత్తెర పట్టుకుని మగాళ్ల టైలు కత్తిరిస్తారు. సోమవారం పెద్ద ఊరేగింపు.

ఆ ఊరేగింపు ఒక కమిటీ చేతిలో, పద్ధతి ప్రకారం మొదలైంది 1823లో. 1794లో ఫ్రెంచ్ సైన్యం కొలోన్‌ని ఆక్రమించింది. 1815లో నగరం ప్రష్యా చేతికి వెళ్లింది. అంటే పాలించేది ఎప్పుడూ బయటివాళ్లే. అందుకే జనం పాత నగర సైనికుల ఎర్ర యూనిఫాం వేసుకుని, చెక్క తుపాకీలో పువ్వు పెట్టి, మిలటరీ దర్జాని నవ్వులపాలు చేశారు. ఆ వేషాలు ఇప్పటికీ ఉన్నాయి.

ఇక బీర్ సంగతి. ఇక్కడి బీర్ పేరు కోల్ష్. మ్యూనిక్‌లో లీటర్ మగ్గు అయితే, ఇక్కడ 200 మిల్లీలీటర్ల సన్నటి గ్లాసు. అయిపోగానే వెయిటర్ అడక్కుండానే ఇంకోటి పెట్టేస్తాడు. చాలు అనుకుంటే గ్లాసు మీద అట్టముక్క పెట్టాలి! 1842లో చెక్ నగరం పిల్సెన్‌లో పుట్టిన పిల్స్‌నర్ చల్లటి చోట పులుస్తుంది. కోల్ష్ రంగులో దానిలాగే ఉన్నా, కాస్త వెచ్చగా పులుస్తుంది. పక్క ఊరు డ్యూసెల్డార్ఫ్ ఆల్ట్ బీర్ కూడా అంతే, కానీ రంగు ముదురు. ఈ రెండు ఊళ్ల మధ్య ఎవరి బీర్ గొప్పన్న గొడవ ఎప్పటికీ తెగదు.

సరే, ఇప్పుడు అసలు ప్రశ్న. అధికారాన్ని వెక్కిరించే పండగ కదా, మరి హిట్లర్ వచ్చాక ఏం చేసింది?

1935లో నాజీ సంస్థ కార్నివాల్‌ని తన చేతిలోకి తీసుకోబోతే, సంఘాలు ఒప్పుకోలేదు. యుద్ధం తర్వాత చాలా ఏళ్లు దీన్ని పెద్ద తిరుగుబాటుగా చెప్పుకున్నారు. కానీ వాళ్లు కాపాడుకుంది తమ కుర్చీలనే. దానికి ముందు ఏడాదే, 1934 ఊరేగింపులో, కొందరు యూదుల వేషాలు వేసుకుని, దేశం వదిలి పారిపోతున్న యూదుల్ని ఎగతాళి చేశారు. కార్నివాల్‌లో కన్య వేషం ఎప్పుడూ మగాడే వేసేవాడు. నాజీలు వద్దంటే 1938, 1939లో ఆడవాళ్లకి ఇచ్చేశారు.

ఎదురు నిలిచినవాళ్లు అరుదు. అలాంటి ఒక్కడు కార్ల్ క్యుపర్ అనే కమెడియన్. స్టేజి మీద హిట్లర్ సెల్యూట్‌లా చెయ్యి పైకెత్తి, మా ఇంటి సెల్లార్‌లో చెత్త ఇంత ఎత్తుంది అన్నట్టు జోకేసేవాడు. 1939లో అతను మాట్లాడకుండా నిషేధం పెట్టారు.

గమనించండి, వేషాలు అవే, పాటలు అవే, బీర్ అదే. మారింది ఒక్కటే: జోకు ఎవరి మీద అన్నది. బలవంతుడి మీద వేస్తే ధైర్యం, దిక్కులేనివాడి మీద వేస్తే క్రూరత్వం.

2022లో రష్యా ఉక్రెయిన్ మీద దాడి చేసినప్పుడు, కొలోన్ ఆ సోమవారం ఊరేగింపు ఆపేసి, అదే రోజు శాంతి కోసం రోడ్ల మీద నడిచింది.