ఊసరవెల్లి కన్ను

శేషాచలం కొండల్లో, చిత్తూరు వైపు ముళ్లపొదల్లో కనిపించే ఊసరవెల్లికి 1768లో లారెంటి కమీలియో జైలానికస్ అని శాస్త్రనామం పెట్టాడు. భారతదేశంలో ఉన్న ఊసరవెల్లి జాతి ఇదొక్కటే. కంచెల మీద తలాడించే తొండను కూడా చాలామంది ఊసరవెల్లి అనేస్తారు గానీ, కన్ను చూస్తే తేడా ఇట్టే తెలిసిపోతుంది. రంగులకు వచ్చిన పేరు కంటికి రాలేదు. నిజానికి అసలు వింత కన్నే.

దీని రెప్పలు రెండూ కలిసిపోయి, పొలుసుల తోలుతో శంకువులా పొడుచుకొచ్చి ఉంటాయి. కంటిపాప దగ్గర చిన్న రంధ్రం మాత్రం మిగులుతుంది. కన్ను అడ్డంగా దాదాపు 180 డిగ్రీలు, నిలువునా 90 డిగ్రీలు తిరుగుతుంది. ఒకటి కొమ్మను చూస్తుంటే మరొకటి ఆకాశం వైపు తిరిగి ఉండొచ్చు. పురుగు కంటపడగానే రెండూ ముందుకు తిరిగి దాని మీదే నిలుస్తాయి, ఆ వెంటనే నాలుక దూసుకుపోతుంది.

గురి కుదరడానికి రెండు కళ్లూ కావాలని అనుకోవడం సహజం. కానీ 1977లో హార్క్‌నెస్ అనే శాస్త్రవేత్త ఊసరవెల్లుల కళ్ల ముందు కటకాలు పెట్టి చూస్తే నాలుక దెబ్బ గురి తప్పింది. దూరాన్ని అది రెండు కళ్ల చూపుల కోణంతో కాక, తన కంటి కటకాన్ని సర్దుకునే తీరుతో కొలుస్తోందని అలా తేలింది. 1995లో ఒట్, షెఫెల్ ఇంకో సంగతి బయటపెట్టారు. మిగతా జంతువుల్లో కాంతిని కూడగట్టే కటకం, ఇందులో కాంతిని చెదరగొడుతుంది. కూడగట్టే పని శుక్లపటలానిది. రెండూ కలిసి టెలిఫోటో కెమెరా పనిచేసే పద్ధతిలో రెటీనా మీద పెద్ద బొమ్మ వేస్తాయి.

కంటి వెనక సంగతి తేలడానికి మరీ ఎక్కువ కాలం పట్టింది. రెండు కళ్లూ ఒకే వైపు చూడని చేపల్లో, ఊసరవెల్లిలో దృష్టి నరాలు కలుసుకోవని న్యూటన్ 1704 నాటి ‘ఆప్టిక్స్’లో రాశాడు. తాను విన్నది నిజమైతే, అని జాగ్రత్తపడ్డాడు కూడా. విన్నది తప్పు. నరాలు కలుస్తాయి. కలవడమే కాదు, పాత టెలిఫోన్ తీగలా మెలికలు చుట్టుకుని ఉంటాయని సీటీ స్కాన్ల ఆధారంగా 2025లో శాస్త్రవేత్తలు ప్రకటించారు. కత్తి పెట్టి కోస్తే నరాల అమరిక చెదిరిపోతుంది, అందుకే అంతకుముందు వాళ్లకు ఇది దొరకలేదు. అంత మెలికకు కారణం ఇదై ఉండొచ్చు: మెడ పెద్దగా తిరగని ఈ జీవి కంటిని అంత విస్తారంగా తిప్పాలంటే నరానికి అదనపు పొడవు ఉండాలి. గుడ్డులో పిండం ఎదిగే తొలి దశలో నరాలు తిన్నగానే ఉంటాయి. గుడ్డు పగిలి పిల్ల బయటికి వచ్చేలోపే మెలికలు పడతాయి.