ఏ రికార్డులు కొనమంటారు?

క్రిందటి నెలలో ఒక సాయంత్రం మా వీధి చివరింటి వదినగారు వచ్చి కూర్చున్నారు. పెళ్ళిరోజుకి వాళ్ళబ్బాయి రికార్డు ప్లేయరు కొని పంపించాడట. కావలసిన పాట ఫోనులో వినగలిగే ఈ రోజుల్లో ఆ నల్లటి పళ్ళేల మీద కుర్రకారుకు మళ్ళీ మోజెందుకు పుట్టిందో గాని, మొత్తానికి మిషను వచ్చింది. దానిమీద పెట్టడానికి ఇంట్లో ఒక్క రికార్డూ లేదు. "నువ్వు రేడియోలో మాట్లాడేదానివి కదమ్మా, ఏవి కొనాలో ఒక చీటీ రాసిద్దూ. అన్ని రకాలూ ఉండాలి. అన్నీ భక్తి పాటలే రాసిచ్చావంటే మాత్రం ఊరుకోను" అన్నారావిడ.

చీటీ రాయడం అయిదు నిమిషాల పని అనుకున్నాను. రెండు రోజులు పట్టింది. రాసిన పేర్లు మళ్ళీ చదువుకుంటే ఒక సంగతి తట్టింది. వాటిలో ఎక్కువ పేర్లు ఆడవాళ్ళవే. అందులోనూ చాలామందికి ఎక్కడో ఒకచోట, సభలోనో, దేవుడి సన్నిధిలోనో, చివరికి సొంత ఇంట్లోనో, పాడడానికి వీల్లేదన్నారు. వాళ్ళని రానివ్వని ఇళ్ళల్లోకి వాళ్ళ గొంతు మాత్రం రికార్డు ఎక్కి దర్జాగా వచ్చింది. ఆ చీటీలో వాళ్ళ సంగతులు మీకూ చెబుదామనిపించింది.

ముందు ఆ పాతకాలం ప్లేటు దేనితో చేసేవారో తెలుసునా? లక్కతో. అవునండీ, హైదరాబాదు లాడ్ బజారులో గాజులు చేసే లక్కే. మోదుగ, రేగు లాంటి చెట్ల కొమ్మల మీద చిన్న పురుగులు పెట్టే జిగురు అది. ఛోటా నాగపూర్ అడవుల్లో గిరిజనులు ఏరి తెచ్చిన లక్క ఓడలెక్కి సీమకు వెళ్ళి, రాతిపొడితో కలిసి, పాట నింపుకుని మళ్ళీ మన ఇళ్ళకు వచ్చేది. నిమిషానికి 78 సార్లు తిరిగే ఆ ప్లేటులో ఒక్కో వైపు మూడు నిమిషాల పాటే పట్టేది. ప్రతి పాటకూ కీ ఇవ్వాలి, ప్రతి పాటకూ ములుకు మార్చాలి. కీ సరిగా ఇవ్వకపోతే కోకిలలాంటి గొంతు కాస్తా సాగి సాగి గండుపిల్లి మూలుగులా అయ్యేది.

మన దేశంలో ఆ పని మొదలైంది 1902 నవంబరులో, కలకత్తా హోటలు గదిలో. గ్రామఫోను కంపెనీ తరపున ఫ్రెడ్ గైస్‌బర్గ్ అనే దొర వచ్చి మిషను పెట్టుకు కూర్చున్నాడు. మొదట నాటక శాలలో పాడే ఇద్దరమ్మాయిలు పాడారు. తరవాత మూడు రోజులకు, 11వ తారీకున, గౌహర్ జాన్ వచ్చి పాడింది. పెద్ద విద్వాంసులు చాలామంది మిషను ముందు పాడడానికి వెనకాడారు. గంటసేపు ఆలాపన చేసేవారికి మూడు నిమిషాలు దేనికి సరిపోతాయి? గౌహర్ జాన్ మాత్రం ఆ మూడు నిమిషాల్లోనే ఎత్తుగడ, విస్తారం, ముగింపు అన్నీ అమర్చేసింది. చిన్న గిన్నెలో పెద్ద విందు వడ్డించినట్టు. తరవాత పాడినవాళ్ళందరూ ఆ పద్ధతినే పట్టుకున్నారు. ఆవిడ పది భాషలకు పైగా పాడింది. చివరకు మైసూరు ఆస్థానంలో చేరి, 1930లో అక్కడే కన్నుమూసింది.

పాట చివర ఆవిడ ఇంగ్లీషులో "నా పేరు గౌహర్ జాన్" అని గట్టిగా చెప్పేది. అది గొప్ప కోసం కాదు. ప్లేట్లు అచ్చువేసేది జర్మనీలో హనోవరు ఊళ్ళో. పాడింది ఎవరో అక్కడివాళ్ళకు తెలియాలి కదా, చీటీ అంటించడానికి!

ఆ పేరుతో మా ఇంటికి కూడా చిన్న చుట్టరికం ఉంది. మా అమ్మమ్మ కాపురానికి వెళ్ళేనాటికి వాళ్ళత్తవారింట బాకా గ్రామఫోను ఉండేదట. మామగారు కాకినాడ కోర్టులో గుమాస్తా, పరమ నిష్ఠాపరులు. వీధిలో పెళ్ళికి మేళం వచ్చిందంటే ఆడవాళ్ళను వీధి వాకిట్లోకి రానిచ్చేవారు కారు. అటువంటాయన దగ్గరే గౌహర్ జాన్ ప్లేటు ఉండేది! సాయంత్రం కచేరీ నుంచి వచ్చి, కాళ్ళు కడుక్కుని, పడక్కుర్చీలో కూర్చుని వినేవారట. పాట అయిపోతుందనగా లేచి, ఆ పేరు రాకముందే టక్కున ములుకు ఎత్తేసేవారట. ప్లేటు మధ్యనున్న పేరు మీద చిన్న కాగితం ముక్క కూడా అంటించి ఉంచారు. పాట ఇంట్లో ఉండవచ్చు, పాడినావిడ పేరు మాత్రం ఉండకూడదు. ఒక మధ్యాహ్నం ఆయన ఊళ్ళో లేనప్పుడు అమ్మమ్మా, తోడికోడలూ కలిసి తలుపులు వేసుకుని ఆ ప్లేటు చివరిదాకా ఆడించారు. ఇంగ్లీషు ముక్క రాని ఆ ఇద్దరికీ 'గౌహర్ జాన్' అన్న రెండు మాటలే అర్థమయ్యాయి. "ఓహో, ఈవిడకి పేరుందన్నమాట!" అని తోడికోడలు అన్నదట. అమ్మమ్మ ఈ కథ ఎన్నిసార్లు చెప్పిందో.

దక్షిణాదిన కూడా రికార్డులకు తొలినాళ్ళలో దొరికిన గొంతులు కళావంతులవే, దేవదాసీలవే. సేలం గోదావరి, కోయంబత్తూరు తాయి వంటివాళ్ళు. తాయి ప్లేట్లు పారిస్ దాకా వెళ్ళాయి. అక్కడ మోరిస్ డెలాజ్ అనే సంగీతకర్త ఆ గొంతుకు ముగ్ధుడై, 1912లో మన దేశం వచ్చినప్పుడు ఆవిడను కలుసుకుని ఎదురుగా కూర్చుని విన్నాడు. మన ఊళ్ళల్లో మేళాలకు వ్యతిరేకంగా కందుకూరి వీరేశలింగం పంతులుగారు గట్టిగా పోరాడారు. ఆయన చెప్పినదాంట్లో న్యాయం లేదనను. ఆ పేరు చెప్పుకుని సంపన్నులు సాగించిన పనులు తక్కువవి కావు. కాని ఆ ఊపులో తప్పు చేసిన మగవాడు నిక్షేపంలా ఉండిపోయాడు, నోట్లో పాటున్న ఆడది వీధిన పడింది. నాకు కష్టంగా తోచేది అక్కడే. మన రేడియో సంగతీ చెప్పాలి. సొంత ఇల్లని దాచుకోకూడదు. ఒక దశలో రేడియో కూడా అలాంటి గాయనులను దూరం పెట్టింది.

బెంగుళూరు నాగరత్నమ్మగారి పేరు మీరు వినే ఉంటారు. ముద్దుపళని రాసిన 'రాధికా సాంత్వనము' కావ్యాన్ని 1910లో అచ్చువేయించి నిషేధానికి గురైనావిడ ఈవిడే. తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధి శిథిలమై పడి ఉందని విని, తన సొమ్ము వెచ్చించి 1921లో పని మొదలుపెట్టి, గుడి కట్టించి కుంభాభిషేకం చేయించింది. తీరా ఆరాధనలో పాడబోతే ఆడవాళ్ళు పాడకూడదన్నారు! కట్టించిన గుళ్ళోనే నోరు మూసుకోమంటే ఎవరికైనా ఎలా ఉంటుంది? ఆవిడ ఏడుస్తూ కూర్చోలేదు. 1927 నుంచి ఆడవాళ్ళ ఆరాధన వేరుగా జరిపించింది. 1940 ప్రాంతాలకు అందరూ కలిశారు. ఇప్పుడు పుష్య బహుళ పంచమినాడు ఆడా మగా కలిసి పంచరత్న కీర్తనలు పాడుతుంటే టీవీలో చూస్తాం. నాగరత్నమ్మగారి ప్లేట్లు దొరకడం కష్టం. దొరికితే వదలకండి. గంభీరమైన గొంతు, మెత్తదనం తక్కువ, అధికారం ఎక్కువ.

ఎం.ఎస్. సుబ్బులక్ష్మి గారు ఆ సంప్రదాయపు బిడ్డే. తల్లి షణ్ముఖవడివు మదురలో వీణ విద్వాంసురాలు. 1926లో, పదేళ్ళ వయసులో, సుబ్బులక్ష్మి తొలి రికార్డు ఇచ్చింది. ఒకప్పుడు గొప్పింటివాళ్ళు గుమ్మం బయట నిలబెట్టిన సంప్రదాయంలో పుట్టిన గొంతు, 1963లో వచ్చిన వేంకటేశ్వర సుప్రభాతం రికార్డుతో, మనందరి ఇళ్ళల్లో దేవుణ్ణి లేపుతోంది. అయితే ఒక మాట. సుప్రభాతాన్ని మనం విని వినీ వినడం మానేశాం. పాల గిన్నె పొంగుతుంటే, పిల్లల చొక్కా ఇస్త్రీ చేస్తుంటే, వెనకాల అది సాగిపోతూ ఉంటుంది. అందుకని వదినగారి చీటీలో 'బాలాజీ పంచరత్నమాల' రాశాను. 1980 ప్రాంతంలో తిరుమల తిరుపతి దేవస్థానం పూనికతో వచ్చిన అయిదు ఎల్పీలు. అరవై దాటిన వయసులో, అంతటి విదుషీమణి, అన్నమాచార్యుల తెలుగు సంకీర్తనలు అక్షరం అక్షరం దిద్దుకుని కొత్తగా నేర్చుకుని పాడారు. పని ముగించుకుని, కూర్చుని వినండి.

'ఎల్పీ' అన్నాను కదా. 1948లో అమెరికాలో కొలంబియా కంపెనీవాళ్ళు తెచ్చిన ఈ ప్లేటు నిమిషానికి 33 చుట్లు తిరిగేది. ఒక్కో వైపు ఇరవై నిమిషాలకు పైగా పాట. లక్క పోయి ప్లాస్టిక్ వచ్చింది. అంతకుముందు పెద్ద పాట వినాలంటే నాలుగైదు ప్లేట్లు కావలసి వచ్చేవి. వాటిని మన పెళ్ళి ఫొటోల పుస్తకంలాగా అట్టల సంచుల్లో పెట్టి అమ్మేవారు. అందుకే దానికి ఆల్బమ్ అని పేరు. సంచుల పుస్తకం పోయినా పేరు నిలిచిపోయింది.

తెలుగు లలిత సంగీతంలో ఇద్దరి పేర్లు రాశాను. టంగుటూరి సూర్యకుమారి గారి రికార్డు లేకపోతే శంకరంబాడి సుందరాచారిగారి 'మా తెలుగు తల్లికి' ఊరూరా అంతగా పాకి ఉండేది కాదు. రెండవ పేరు రావు బాలసరస్వతీదేవి గారు. ఆరేళ్ళప్పుడే రికార్డు ఇచ్చిన ఆవిడ 2025 అక్టోబరులో, తొంభై ఏడేళ్ళ వయసులో వెళ్ళిపోయారు. 1944లో కొలంక రాజావారిని పెళ్ళాడారు. 'దేవదాసు' సినిమా నాటికి కూడా పాడుతూనే ఉన్నా, క్రమంగా ఆ పాట ఇంటికే పరిమితమైంది. పాత పాటల్లో ఆ గొంతు వినండి, తలుపు పక్కన నిలబడి ఎవరో నెమ్మదిగా పిలిచినట్టుంటుంది.

ఇలాంటి కథే ఉత్తరాదిన బేగం అఖ్తర్‌ది. అఖ్తరీబాయి ఫైజాబాదీగా పేరు మోగిపోయాక, 1945లో లక్నోలో ఒక బారిష్టరును పెళ్ళాడి పాట మానేసింది. నాలుగైదేళ్ళకు మంచం పట్టింది. పాటే మందన్నారు వైద్యులు. 1949లో లక్నో రేడియో కేంద్రానికి వెళ్ళి మళ్ళీ పాడి, భోరున ఏడ్చిందట. ఆకాశవాణి మైకు ముందు కూర్చున్నప్పుడల్లా నాకిది గుర్తొస్తుంది. పై గొంతుకు వెళ్ళేటప్పుడు ఆవిడ స్వరం చిన్నగా విరుగుతుంది. మరొకరికైతే అది దోషం, ఆవిడకు అదే సొగసు. రఫీ గారూ ఆవిడా చెరికొన్ని గాలిబ్ గజళ్ళు పాడిన ఎల్పీ ఉంది. ఉర్దూ రాదని భయపడకండి. నాకూ అంతంత మాత్రమే.

ఇంగ్లీషు సంగీతంలో ఒకటి రాయమన్నారు కదా అని మేరియన్ ఆండర్సన్ పేరు రాశాను. నల్లజాతి స్త్రీ అని 1939లో వాషింగ్టన్‌లోని ఒక పెద్ద హాలు ఆవిడకు ఇవ్వలేదు. ఇవ్వనన్నది కూడా ఆడవాళ్ళ సంఘమే! అధ్యక్షుడి భార్య ఎలినార్ రూజ్‌వెల్టు ఆ సంఘానికి రాజీనామా ఇచ్చారు. ఏప్రిల్ 9న, ఈస్టరు ఆదివారం, లింకన్ స్మారక మందిరం మెట్ల మీద నిలబడి ఆండర్సన్ పాడితే 75 వేల మంది విన్నారు. 1957లో ఆవిడ మన దేశానికి కూడా వచ్చారు. బానిసలుగా బతికిన తాతముత్తాతల కీర్తనలు ఆవిడ పాడగా వినండి. మాటలు తెలియకపోయినా, మన రామదాసు చెరసాలలో పాడిన పాట తెలిసినవాళ్ళకు అవి అర్థమవుతాయి.

అచ్చంగా వాయిద్యాలే కావాలంటే 1967లో వచ్చిన 'కాల్ ఆఫ్ ది వ్యాలీ'. శివకుమార్ శర్మ సంతూరు, హరిప్రసాద్ చౌరసియా వేణువు, బ్రిజ్‌భూషణ్ కాబ్రా గిటారు. కాశ్మీరులో ఒక గొర్రెలకాపరి రోజు తెల్లవారి రాత్రయ్యే దాకా. వంటయిపోయి పిల్లలింకా బడినుంచి రాని ఆ గంట ఉంటుంది చూడండి, అప్పటికోసమే చేసినట్టుంటుంది. నాటక పద్యాలకు స్థానం నరసింహారావుగారి సత్యభామ. ఆడవాళ్ళను రంగస్థలం ఎక్కనివ్వని రోజుల్లో మగవాడు పాడిన ఆడగొంతు! సినిమాల్లో మీ ఇష్టం మీది, నా ఓటు మాత్రం 'శంకరాభరణా'నికి. ఘంటసాల గారి భగవద్గీత మీకు నేను చెప్పనక్కరలేదు.

వదినగారు చీటీ చూసి, "ఇంతమంది ఏడుపులు నేనెక్కడ వినను?" అన్నారు. ఏడుపులు కావండీ, ముందు గౌహర్ జాన్ వినండి, నవ్వుతూ పాడుతుంది అన్నాను. పాతవి ఎల్పీలుగా దొరక్కపోతే ఫోనులోనైనా దొరుకుతాయి.

రికార్డులు కొంటే ఒకటి గుర్తుంచుకోండి. పప్పు డబ్బాల్లా ఒకదానిమీద ఒకటి పేర్చకూడదు, పుస్తకాల్లా నిలబెట్టాలి. వంటింటి గోడ వేడి తగలకూడదు. అప్పడంలా వంకర తిరిగిపోతాయి. ప్లేటు అంచు పట్టుకోవాలి గాని గీతల మీద వేళ్ళు పెట్టకూడదు. తడి చేత్తో అసలే ముట్టుకోకండి.

మా అమ్మమ్మ దగ్గరి ఆ గౌహర్ జాన్ ప్లేటు ఇప్పుడు నా దగ్గరుంది. అంచున చిన్న పగులు. తిరిగిన ప్రతిసారీ 'టక్' మంటుంది. మధ్యనున్న కాగితం ఊడదీద్దామని తడిపాను గాని, దాంతోపాటు కంపెనీ చీటీ కూడా వచ్చేసింది. పేరు చివర్లో ఆవిడే చెబుతుంది.