అరచేతి విమానాలకు యుద్ధపు రంగులు

1936లో బ్రిటన్‌లో ఫ్రాగ్ కంపెనీ ‘పెంగ్విన్’ పేరిట ప్లాస్టిక్ విమానాల కిట్లు అమ్మకానికి పెట్టింది. సైజు అసలులో 72వ వంతు. 1953లో ఎయిర్‌ఫిక్స్ కంపెనీ వారి స్పిట్‌ఫైర్ యుద్ధవిమానం కిట్ వచ్చాక ఈ సరదా మామూలు ఇళ్లకూ పాకింది.

అతికించడం తేలికే. తంటా అంతా రంగుతోనే.

రెండో ప్రపంచ యుద్ధంలో, 1940 వేసవిలో, బ్రిటన్ స్పిట్‌ఫైర్ వీపు మీద మట్టిరంగు, ముదురాకుపచ్చ పట్టీలుండేవి. పైనుంచి చూసే శత్రువుకు అది పొలాల్లో కలిసిపోవాలి కదా! పొట్టకింద ‘స్కై’ అనే లేతాకుపచ్చ. పోరు సముద్రం దాటి ఫ్రాన్స్ వైపు మళ్లాక, 1941 ఆగస్టులో మట్టిరంగు పోయి ‘ఓషన్ గ్రే’ అనే బూడిదరంగు వచ్చింది. కాబట్టి 1940 నాటి గుర్తులంటించి బూడిదరంగు పూసిన బొమ్మ ఎంత నున్నగా కుదిరినా తప్పే.

అమెరికాలో కథ వేరు. 1942లో నౌకాదళం బడిపిల్లల్ని 5 లక్షల చెక్క విమానాలు చేసిపెట్టమంది. అన్నిటికీ నలుపే! ఆకారం చూసి విమానాన్ని గుర్తుపట్టే శిక్షణకు రంగుతో పనేముంది?

యుద్ధానంతరం హంబ్రోల్ కంపెనీ ఎనామెల్ రంగుల చిట్టి డబ్బాలతో, కుంచెతో మొదలైన పని, తర్వాత రంగును గాలితో చిమ్మే ఎయిర్‌బ్రష్ చేతికొచ్చాక సున్నితమైంది. జర్మన్ మెస్సర్‌ష్మిట్ 109 పక్కల మీది మసక మచ్చలకు కుంచె చాలదు. అసలు రంగునే పూసినా చిన్న బొమ్మ మీద ముదురుగా కనిపిస్తుంది. అందుకే చాలామంది కాస్త తెలుపు కలుపుతారు. 72వ వంతు బొమ్మ మీద పట్టీ అంచు ఒక్క మిల్లీమీటరు చెదిరితే, అసలు విమానం మీద అది 7 సెంటీమీటర్లు.