భూమి లేనివాడి అప్పు

నౌపడ అంటే ఉప్పు మళ్ళు గుర్తొస్తాయి. 1900లో పర్లాకిమిడి రాజా వేయించిన చిన్న రైలు గుర్తొస్తుంది. ఆ ఉప్పు పోగేసి, బస్తాలు మోసిన కూలీల బాకీల సంగతి చరిత్ర పుస్తకాలకి పట్టదు. ఉప్పు ఎండల పంట. వానలు పడితే పని లేదు. ఆ నెలల్లో గింజలకి షావుకారే దిక్కు, ప్రోనోటు మీద వేలిముద్ర తప్పదు.

ప్రోనోటు మీద దావాకి గడువు మూడేళ్ళు. అది డిక్రీ అయిందా, పన్నెండేళ్ళు వెంటాడుతుంది. మనిషి దొరక్కపోతే సమన్లు తలుపుకి అంటించి పోవచ్చు. ఉత్తరాంధ్ర కూలీలు వేలాదిగా రంగూన్ ఓడలెక్కిన కాలమది. మనిషి రంగంలో, కాగితం గుమ్మం మీద, డిక్రీ ఎక్స్‌పార్టీ!

ఇక జప్తు. 1908 సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ కొన్నిటిని జప్తు నుంచి మినహాయించింది: కట్టుబట్టలు, వంటపాత్రలు, కూలి డబ్బులు. వ్యవసాయదారుడు కాపురముండే ఇల్లు కూడా. మరి ఉప్పు కూలివాడి ఇల్లో? ఆ క్లాజులోకి కూలివాడు, ఇంటి నౌకరు అనే మాటలు 1976 సవరణతో గాని రాలేదు. అరవై ఎనిమిదేళ్ళు పట్టింది. పేటలో ఇంటిస్థలం కూడా తనది కానివాడి దగ్గర జప్తుకి ఏముంటుంది? ఒళ్ళు ఉంటుంది. యాభై రూపాయలు దాటిన డిక్రీకి ఆరు నెలల దాకా సివిల్ జైలు. తిండి ఖర్చు షావుకారు కట్టాలి. జైలు కెళ్ళొచ్చినా బాకీ మాత్రం తీరదు. చెల్లించే స్తోమత ఉండీ ఎగ్గొట్టేవాడు వంటివారినే జైల్లో పెట్టాలని 1936లో సవరణ వచ్చింది. పేదరికం నేరం కాదని 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో సుప్రీంకోర్టు మళ్ళీ చెప్పవలసి వచ్చింది.

రుణవిమోచన చట్టాలు లేవా అంటే, ఉన్నాయి. 1917 ఏజెన్సీ చట్టం వడ్డీని నూటికి 24కి కట్టేసింది, మొత్తం వడ్డీ అసలు దాటకూడదంది. కానీ అది కొండజాతులకే. (అక్కడా కాగితం మీదే మిగిలిందనుకోండి, 1967 నాటికి శ్రీకాకుళం కొండల్లో ఏమైందో మనకి తెలుసు.) 1938లో రాజాజీ మంత్రివర్గం తెచ్చిన మద్రాసు చట్టం 1932 అక్టోబరుకి ముందరి అప్పుల మీద పేరుకున్న వడ్డీని కొట్టేసింది, పాత డిక్రీలనీ తిరగరాయించింది. దాని గుమ్మం దాటాలంటే మాత్రం 'వ్యవసాయదారుడు' కావాలి, భూమిలో ఏదో ఒక హక్కుండాలి. నౌపడ దళిత కూలీ కొండవాడూ కాడు, రైతూ కాడు. భూమి దక్కనివ్వని కులమే, భూమి లేదన్న కారణంతో విమోచననీ దక్కనివ్వలేదు. దీన్ని పొరపాటు అనడానికి నాకు నోరు రాదు.

వ్యవసాయ కూలీలని, గ్రామీణ చేతివృత్తివాళ్ళని లెక్కలోకి తెచ్చింది 1977 ఆంధ్రప్రదేశ్ చట్టం. అయినా ఉప్పు మడి సేద్యపు భూమి అవుతుందా అన్న ప్రశ్న కూలీ నెత్తినే పడుతుంది.

ఇప్పటికీ నోటీసు పట్టుకుని వచ్చేవాళ్ళున్నారు. రెండు వేల లోపు డిక్రీకి జైలు లేదు. అయిదు వేలు దాటినా మూడు నెలలకి మించదు. ఆడవాళ్ళని డబ్బు డిక్రీ కింద అరెస్టు చేయకూడదు. కూలివాడు కాపురముండే సొంత ఇంటిని జప్తు చేయకూడదు, కానీ ఆ మాట కోర్టులో లేచి చెప్పేవాడు కావాలి. 1987 చట్టం 12వ సెక్షన్ కింద షెడ్యూల్డు కులాలవారికి వకీలుని ఉచితంగా ఇవ్వాలి. నోటీసు మీద వాయిదా తేదీ ముందు చూడండి, ఎక్స్‌పార్టీ కానివ్వకండి.