జీవాలు

పాలమూరు కాపరిని మందలో ఎన్ని ఉన్నాయని అడిగి చూడండి. గొర్రెలిన్ని, మేకలిన్ని అని విడదీసి చెప్పడు. "నూటిరవై జీవాలున్నయ్" అంటాడు. ఆవునూ బర్రెనూ ఆ మాటతో పిలవడు. అవి గొడ్లు, పసులు. సంస్కృతంలో ప్రాణమున్న ప్రతిదానికీ చెల్లే మాటను మన పల్లెలు గొర్రెకూ మేకకూ రాసిచ్చేశాయి. కాపరి బతుకు వాటి ప్రాణంతో ముడిపడి ఉండటమే అందుకు కారణమని నా నమ్మకం. సోమాలీలో 'హోలో' అంటే పశువులూ, సంపదా. మన 'సొమ్ము' లాంటి మాట అది. 'జీవాలు' ఇంకా లోతుకు పోయింది: ఆస్తిని దాటి ఊపిరిని తాకింది.

ఈ జీవాలను కొట్టే ఒక రోగాన్ని 1942లో ఐవరీ కోస్ట్‌లో గుర్తించారు. ఫ్రెంచివాళ్ల ఏలుబడి కాబట్టి పేరూ ఫ్రెంచిలోనే పడింది: చిన్న నెమరు జంతువుల తెగులు అని దాని అర్థం. పొట్టిపేరు పీపీఆర్. జ్వరం, కళ్లూ ముక్కూ కారడం, నోటిలో పుళ్లు, ఆపైన కట్టుబడని విరేచనాలు. మన దగ్గర దాన్ని పారుడు రోగం అంటారు. జంతువు ఎంతదో చూసి పెట్టిన పేరు అది, అది పడే బాధను చూసి పెట్టిన పేరు ఇది.

ఆ 'చిన్న' అనే మాట నన్ను కలచివేస్తుంది. పారుడుకు దగ్గరి చుట్టమైన రిండర్‌పెస్ట్ పశువులను తుడిచిపెడుతుంటే ఆఫ్రికా దేశాలు 1962 నుంచి 1976 దాకా కలిసికట్టుగా టీకాలు వేశాయి. పని ఆపగానే రోగం తిరగబడింది. 1986లో మళ్లీ మొదలుపెట్టాయి. 2001లో కెన్యాలో ఆఖరుసారి కనిపించింది. 2011లో ప్రపంచంలోనే లేదని ప్రకటించారు. కెన్యాలోని ముగుగాలో వాల్టర్ ప్లోరైట్ పశువుల కోసం తయారుచేసిన టీకాయే మేకలనూ పారుడు నుంచి కాపాడేది. అయితే రిండర్‌పెస్ట్ నిజంగా పోయిందని రుజువు చేయాలంటే, రక్తంలో దొరికే ఆనవాళ్లు రోగానివా టీకావా అన్న అనుమానం ఉండకూడదు. అందుకని మేకలకు ఆ టీకా ఆపేయాల్సి వచ్చింది.

వాటికి సొంత టీకా లేక కాదు. 1975లో నైజీరియాలో దొరికిన వైరస్‌ను బలహీనపరిచి చేసిన టీకా ఉంది. ఒక్క మోతాదు కనీసం మూడేళ్లు కాస్తుంది. అయినా ఈ రోగాన్ని భూమ్మీద లేకుండా చేయాలన్న ఉమ్మడి వ్యూహం 2015లో గానీ రాలేదు. ఐక్యరాజ్యసమితి ఆహార సంస్థ, ప్రపంచ పశు ఆరోగ్య సంస్థ కలిసి దాన్ని అబిజాన్‌లో, అంటే రోగాన్ని మొదట గుర్తించిన ఐవరీ కోస్ట్‌లోనే, ముందుకు తెచ్చాయి. అప్పటికి 73 ఏళ్లు గడిచాయి. మేత కోసం, నీటి కోసం మందలు సరిహద్దులు దాటే నేలలో ఒక్క దేశం టీకాలు వేసుకుంటే చాలదు. పక్క దేశమూ వేయాలి. అది పశువుల విషయంలో చేసి చూపించిన పనే.

పెట్టుకున్న గడువు 2030.