వంత పాడినవాళ్ళు

ఎల్బీనగర్, దిల్‌సుఖ్‌నగర్ వైపు ఉండేవాళ్ళకి కచేరీ అంటే ఊరికి అటు చివర జరిగేది. ఇళయరాజా వచ్చినా ఇంకెవరొచ్చినా గచ్చిబౌలి స్టేడియమో, హైటెక్సో. ముందే టికెట్ కొనుక్కోవాలి, అమీర్‌పేటలో మెట్రో మారాలి, అయిపోయేసరికి మెట్రో ఉండదు కాబట్టి తిరుగు క్యాబ్‌కి ఇంకో టికెట్ అంత పెట్టాలి. ఇటువైపు సరూర్‌నగర్ స్టేడియంలో జరిగేవి సభలు. వాటికి టికెట్ ఉండదు. పాట అక్కడా ఉంటుంది, కాకపోతే నాయకుడు వచ్చేదాకా జనాన్ని కూర్చోబెట్టడానికి. మా తరానికి ఈ రెండూ వేరు వేరు. పాట కోసం వెళ్తే కచేరీ, నాయకుడి కోసం వెళ్తే (లేదా ఎవరో తీసుకెళ్తే) సభ.

కానీ ఒక పాటగాడి కోసం హైదరాబాద్ ఎదురుచూసిన అతి పెద్ద సందర్భం కచేరీ కాదు, సభే. 1990 ఫిబ్రవరి 20, నిజాం కాలేజీ మైదానం, జననాట్యమండలి వార్షికోత్సవం. నాలుగున్నరేళ్ళ అజ్ఞాతం తర్వాత గద్దర్ ఈ ఊళ్ళో జనం ముందుకొచ్చి పాడిన రోజు.

ఇప్పుడు గద్దర్ అంటే అందరికీ ఒక బొమ్మ గుర్తొస్తుంది. భుజం మీద గొంగడి, చేతిలో కర్ర, కాళ్ళకి గజ్జెలు. ఆ బొమ్మ వెనక ఉన్న గుమ్మడి విఠల్‌రావు తూప్రాన్‌లో ఒక దళిత కుటుంబంలో పుట్టాడు. ఉస్మానియాలో ఇంజనీరింగ్‌లో చేరి మధ్యలో వదిలేశాడు (మనలో చాలామంది చెయ్యాలనుకుని చెయ్యలేని పని). కెనరా బ్యాంకులో ఉద్యోగం చేశాడు, 1984లో అదీ వదిలేశాడు. డెబ్బైల మొదట్లో బి. నర్సింగరావుతో ఆర్ట్ లవర్స్, అందులోంచి జననాట్యమండలి. మొదటి పాటల పుస్తకానికి గదర్ పార్టీ పేరు పెట్టుకుంటే, జనం ఆ పుస్తకం పేరునే మనిషికి తగిలించారు. మన దగ్గర పాటగాడికి శ్రోతలు పేరు పెట్టడం ఇదొక్కసారే జరగలేదు గానీ, అసలు పేరు ఇంత పూర్తిగా మాసిపోవడం మాత్రం అరుదు.

1985 జులై 17న కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపేశారు. జననాట్యమండలి ఆ కథని పాటగా ఊళ్ళకి తీసుకెళ్ళింది. పోలీసులు గద్దర్ ఇంటి మీదికొచ్చారు, అతను అజ్ఞాతంలోకి వెళ్ళాడు. అక్కణ్ణుంచి మహారాష్ట్ర, ఒరిస్సా, బీహార్‌లలో దళంతో తిరుగుతూ పాడాడు. టూర్ అనే మాట దీనికి వాడితే నవ్వొస్తుంది. తేదీలు ముందు చెప్పని, పోస్టర్లు వెయ్యని, వచ్చినట్టు వెళ్ళిపోయాక మాత్రమే తెలిసే టూర్ అది.

ఇక్కడ మిగిలింది గొంతు. కాసెట్లలో, చేతులు మారే చిన్న పాటల పుస్తకాల్లో. దగ్గరుంటే పోలీసుల కంటపడకూడని వస్తువులు అవి. కాసెట్‌ని కాపీ చేసిన ప్రతిసారీ కొంచెం గరగర పెరుగుతుంది. ఇంకొకరి నుంచి ఇంకొకరికి వెళ్ళేసరికి డప్పు మిగులుతుంది, మాటలు సగం ఊహించుకోవాలి. ఒక పక్క ఎన్‌కౌంటర్ వార్తల్లో పేర్లు వెతికి చదివే రోజులవి. అభిమాని మామూలుగా అడిగే ప్రశ్నలు, కొత్త పాట ఎప్పుడు, మా ఊరు ఎప్పుడొస్తాడు లాంటివి, ఇక్కడ ఒకే ప్రశ్నగా కుదించుకుపోయాయి: మనిషి ఉన్నాడా?

1989 డిసెంబర్‌లో ఎన్టీఆర్ ప్రభుత్వం పోయి మర్రి చెన్నారెడ్డి ముఖ్యమంత్రి అయ్యాక ఆంక్షలు సడలాయి. ఫిబ్రవరి 18న గద్దర్ పాత్రికేయుల ముందుకొచ్చాడు. రెండు రోజుల తర్వాత నిజాం కాలేజీ సభ. రెండు లక్షల మంది వచ్చారని రాస్తారు. ఆ మైదానం చూసినవాళ్ళకి ఈ లెక్క ఎలా కుదిరిందో అర్థం కాదు. బయట బషీర్‌బాగ్ రోడ్డు, అటూ ఇటూ సందులూ కలుపుకుంటే తప్ప పట్టరు. కలుపుకున్నారనే అనుకుంటున్నాను.

నల్లగొండ వైపు నుంచి హైదరాబాద్‌లోకి రావాలంటే ఏ లారీ అయినా ఎల్బీనగర్ చౌరస్తా దాటాల్సిందే. విజయవాడ రోడ్డు, సాగర్ రోడ్డు రెండూ అక్కడే ఊళ్ళో కలుస్తాయి. తర్వాత కొత్తపేట, దిల్‌సుఖ్‌నగర్, మలక్‌పేట, చాదర్‌ఘాట్, కోఠీ. మా కాలనీలో ఉండే ఒక పెద్దాయన, ఆర్టీసీలో పనిచేసి రిటైరయ్యారు, ఆ రోజు దిల్‌సుఖ్‌నగర్ నుంచి నడిచే వెళ్ళానని చెప్పారు. ఏం పాడాడు అని అడిగితే సరిగ్గా చెప్పలేకపోయారు. మైకులో మాటలు తెలియలేదట, స్టేజీ మీద ఎర్రగా ఒక చుక్కలా కనపడ్డాడట. మరి ఎలా ఉంది అంటే, చుట్టూ ఉన్నవాళ్ళు పాడుతుంటే తనూ పాడానన్నారు. నాకు మొదట ఇది జవాబులా అనిపించలేదు. కచేరీకి వెళ్ళొచ్చి పాటగాడు వినపడలేదు, నేనే పాడాను అని ఎవరైనా రివ్యూ రాస్తే మనం డబ్బులు వెనక్కి అడగమని చెప్తాం.

జననాట్యమండలి పాట ఎలా పనిచేస్తుందో చూస్తే మాత్రం అది సరైన జవాబు. ఒగ్గుకథ, బుర్రకథ, వీధి భాగోతం నుంచి తీసుకున్న పద్ధతి అది. ఒకడు ఎత్తుకుంటాడు, పక్కనున్న ఇద్దరు ముగ్గురు వంత అందుకుంటారు. మధ్యలో పాట ఆపి మాట్లాడతాడు. వంతవాడు ప్రశ్న వేస్తాడు, ఎత్తుకున్నవాడు దానికి కథ చెప్తాడు, కథ నుంచి మళ్ళీ పాటలోకి దూకుతాడు. ఊరిని బట్టి చరణాలు మారతాయి. ఆ ఊరి దొర పేరు, ఆ వారం జరిగిన సంగతి, అప్పటికప్పుడు లోపలికొస్తాయి. కాసెట్‌లో ఆరు నిమిషాలున్నది సభలో అరగంట కావచ్చు. పల్లవి సులువుగా ఉండటం కవికి చేతకాక కాదు, రెండోసారికే గుంపంతా అందుకోవాలి కాబట్టి. సాఫ్ట్‌వేర్ భాషలో చెప్పాలంటే కాసెట్‌లో ఉన్నది ఒక వెర్షన్ మాత్రమే. మనం దాన్నే ఫైనల్ రిలీజ్ అనుకుంటున్నాం.

ఇంకో సంగతి. గద్దర్ గొంతుతో, గద్దర్ బొమ్మతో ముడిపడిపోయిన పాటలన్నీ అతను రాసినవి కావు. గౌతమ్ ఘోష్ తీసిన ‘మా భూమి’లో నైజాం సర్కారు మీద అతను కనపడి పాడిన పాట బండి యాదగిరిది, సాయుధ పోరాట కాలం నాటిది. అతను రాసినవాటిలో ఎక్కువ భాగం ఊళ్ళో ఆడవాళ్ళు పొలాల్లో పాడుకునే బాణీలు. రాసినవాడు, పాడినవాడు, వంత పాడినవాడు అనే గీతలు అక్కడ పల్చగా ఉంటాయి. ‘ఒరేయ్ రిక్షా’లో అన్నాచెల్లెళ్ళ పాటని వందేమాతరం శ్రీనివాస్ గొంతులో విని ఏడ్చినవాళ్ళలో అది గద్దర్ రాసిందని తెలియనివాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ పాటకి వచ్చిన నంది అవార్డుని అతను వద్దన్నాడు. ఇప్పుడు నంది అవార్డుల స్థానంలో ప్రభుత్వం ఇస్తున్న సినిమా అవార్డులకి అతని పేరే పెట్టారు. దీని మీద వ్యాఖ్య అనవసరం.

నాలాంటివాళ్ళకి పాటగాడి చుట్టూ ఉండే అభిమానం గురించి తెలిసిందంతా బాబ్ డిలన్ కథల నుంచి. 1965 జులైలో న్యూపోర్ట్‌లో ఎలక్ట్రిక్ గిటార్ పట్టుకుంటే అరిచారు. 1966 మేలో మాంచెస్టర్‌లో ఒకడు లేచి జూడాస్ అని కేక వేశాడు. 1979 నవంబర్‌లో శాన్ ఫ్రాన్సిస్కోలో పాత పాటలు ఒక్కటీ పాడకుండా క్రైస్తవ భక్తి పాటలే పాడితే కొంతమంది లేచి వెళ్ళిపోయారు. ఇప్పటికీ పాత పాటని అభిమానులు గుర్తుపట్టలేనంతగా మార్చి పాడతాడు, పైగా ఈమధ్య కచేరీల్లో ఫోన్లు సంచిలో పెట్టి తాళం వేయించాడు. ఈ కథల్లో మనం ఎప్పుడూ డిలన్ పక్షమే. మారే హక్కు కళాకారుడిది, నిన్నటి పాటే కావాలనేవాడు మూర్ఖుడు. ఇది మనకి బాగా అలవాటైన తీర్పు.

గద్దర్ విషయంలో ఆ తీర్పు నేను ఇవ్వలేను. 2017 తర్వాత అతను గుళ్ళకి వెళ్ళాడు, 2018లో మొదటిసారి ఓటేశాడు, 2023 జులైలో ఖమ్మం సభలో రాహుల్ గాంధీని ముద్దుపెట్టుకున్నాడు. ఆ ఫోటోల కింద వచ్చిన తిట్లు చూశాం. పైకి ఇది మాంచెస్టర్ హాల్లో కేకలాంటిదే. కానీ మాంచెస్టర్‌లో అరిచినవాడు పోగొట్టుకున్నది టికెట్ డబ్బులు, మహా అయితే ఒక ఇష్టం. ఇక్కడ పాట విని ఇల్లు వదిలి అడవికి వెళ్ళినవాళ్ళున్నారు. కరీంనగర్, వరంగల్, ఆదిలాబాద్ ఊళ్ళల్లో వాళ్ళ స్తూపాలున్నాయి. ఆ పాట వినమని మాత్రమే అడగలేదు, ఇంకేదో అడిగింది, కొందరు ఇచ్చారు. పాటగాడు తర్వాత మనసు మార్చుకుంటే ఇచ్చినవాళ్ళకి అది తిరిగి రాదు. ఆ ఇళ్ళల్లోవాళ్ళు నిలదీస్తే దాన్ని ఫ్యాన్స్ అలక అనలేం.

ఆ సంగతి గద్దర్‌కి తెలియదనుకోవడానికి కూడా వీల్లేదు. 1990 మేలో వరంగల్‌లో రైతుకూలీ సంఘం మహాసభలకి లక్షల మంది వచ్చారు. ఆ వెసులుబాటు ఎన్నో నెలలు నిలవలేదు, 1992లో పీపుల్స్‌వార్‌ని నిషేధించారు. ఆ తర్వాతి ఏళ్ళలో గద్దర్ ఎక్కువగా చేసిన పని ఎన్‌కౌంటర్లలో పోయినవాళ్ళ శవాలని కుటుంబాలకి అప్పగించమని పోరాడటం. అంటే ఒకప్పుడు తన ముందు కూర్చుని వంత పాడిన పిల్లల శవాల కోసం తిరగడం. ఆ పనిలో ఉండగానే 1997 ఏప్రిల్ 6న వెంకటాపురంలో ఇంట్లోకొచ్చి కాల్చారు. ఒక తూటా వెన్నులోంచి తియ్యలేక అలాగే వదిలేశారు. శ్రోతలు చెల్లించినదాంట్లో కొంత అతనూ చెల్లించాడు. దీంతో లెక్క సరిపోయిందని నేననను. కానీ యూట్యూబ్‌లో ఆరు నిమిషాల వెర్షన్ విని, మెట్రోలో హెడ్‌ఫోన్స్ పెట్టుకుని, ముసలాయన పాడైపోయాడు అని కామెంట్ చేసే మనం మాత్రం నిలదీసేవాళ్ళ వరసలో లేం. ఆ పాట మనని ఏమీ అడగలేదు, మనం ఏమీ ఇవ్వలేదు.

మధ్యలో తెలంగాణ ఉద్యమం ఒకటి ఉంది. దాని గురించి చాలామంది రాశారు కాబట్టి ఒక్క మాట. 2009 నవంబర్ 29న ఎల్బీనగర్ చౌరస్తాలో శ్రీకాంతాచారి ఒంటికి నిప్పంటించుకున్నాడు, డిసెంబర్ 3న చనిపోయాడు. అప్పటికే ధూంధాంల వల్ల ఈ పద్ధతి పాట ఊరూరా ఉంది. రసమయి, గోరటి వెంకన్న, అందెశ్రీ, ఇంకా ఎందరో. 2011లో ‘జై బోలో తెలంగాణ’ సినిమాలో గద్దర్ కనపడినప్పుడు థియేటర్లో వంత అందుకున్న కుర్రాళ్ళకి 1990 సంగతి తెలియదు. ఎప్పుడు అందుకోవాలో మాత్రం తెలుసు. నా ఉద్దేశంలో అది అతని అసలు వారసత్వం, అవార్డు కాదు. అదే చౌరస్తా మీద ఇప్పుడు ఫ్లైఓవర్లు లేచాయి.

2023 ఆగస్టు 6న గద్దర్ పోయాడు. మావోయిస్టు పార్టీ సంతాప ప్రకటన ఇచ్చింది. పాలక పార్టీలతో కలిసినందుకు తాము షోకాజ్ నోటీసిచ్చామనీ, 2012లో రాజీనామా చేస్తే ఆమోదించామనీ అందులోనే రాసింది. నిలదీయగలిగినవాళ్ళు నిలదీస్తూనే సంతాపం ఎలా చెప్తారో చూడాలంటే ఆ ప్రకటన చదవాలి. శవాన్ని ఎల్బీ స్టేడియంలో ఉంచారు. 1990 నాటి నిజాం కాలేజీ మైదానానికి అది పక్కనే. అక్కడ పాటగాళ్ళు ఒకరి తర్వాత ఒకరు పాడుతూనే ఉన్నారు, వచ్చినవాళ్ళు వంత కలుపుతూనే ఉన్నారు. మర్నాడు గన్‌పార్క్ మీదుగా అల్వాల్ తీసుకెళ్ళి, అతను పెట్టిన మహాబోధి స్కూలు ఆవరణలో పోలీసు లాంఛనాలతో పూడ్చారు. పోలీసు లాంఛనాలు వద్దన్నవాళ్ళు ఇటువైపూ ఉన్నారు, అటువైపూ ఉన్నారు.